బీరువా వెనక కంప్యూటర్

మా మరిదికి కంప్యూటర్ల గురించి తెలియనిది లేదు. ఈ మాట నాది కాదు, అతనిదే. అమీర్‌పేటలో ఏదో హార్డ్‌వేర్ కోర్సు చేసి వచ్చి, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి, దేవుడి పటాల పక్కనే మేకు కొట్టి తగిలించాడు. ఎయిర్‌పోర్టు తెరిచి అప్పటికే కొన్నేళ్లయింది. అందులో తనకోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచారన్నట్టు శంషాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చొని ఎదురుచూసేవాడు. ఈలోగా వాడకట్టులో ఎవరి కంప్యూటర్ ఆగినా పిలుపు అతనికే. వెళ్లేవాడు, ఫార్మాట్ కొట్టేవాడు, చాయ్ తాగి వచ్చేవాడు. రోగం ఏదైనా మందు ఒకటే. పోయిన ఫొటోల గురించి, పాటల గురించి ఎవరైనా అడిగితే, కంప్యూటర్ బతికింది కదా అనేవాడు.

నేనప్పుడు అత్తాపూర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేదాన్ని. స్టూడియో సార్ నా కంప్యూటర్‌ను బాత్రూమ్ గోడవైపు తిప్పి పెట్టి, మధ్యలో ఒక పరదా కట్టాడు. పెళ్లివాళ్లు వచ్చినప్పుడు పరదా ముందు కూర్చొని నేను చేసిన పేజీలన్నీ తన చేతి పనే అన్నట్టు చూపించేవాడు. బాగుందంటే ఆయన నవ్వేవాడు. బాగాలేదంటే పరదా వెనక్కి తల తిప్పి, ఏంటమ్మా ఇది అనేవాడు. వాళ్లకు నా గొంతు కూడా వినపడకూడదు. అట్లా కొన్నేళ్లు చేశాను. ఆ పరదా రంగు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇంట్లోనే సొంతంగా కంప్యూటర్ పెట్టుకుంటానని చెబితే సార్ పెద్ద మనసు చేసుకున్నట్టు మొహం పెట్టాడు. మహేశ్వరం దగ్గరి ఒక పెళ్లి ఆల్బమ్ చేతిలో పెట్టి, దీన్ని అమావాస్యలోపు ఇంటి నుంచి చేసివ్వమన్నాడు. బాగా వస్తే స్టూడియో డిజైన్ పనంతా నా ఇంటికే పంపిస్తాడు. లేకపోతే నోరు మూసుకొని మళ్లీ పరదా వెనక్కి వచ్చి కూర్చోవాలి. నోరు మూసుకొని అని ఆయన అనలేదు కానీ, అర్థం అదే. నాకు ఆ ఆల్బమ్ ఒక్కటే దారి.

కొత్త కంప్యూటర్ విడిభాగాలన్నీ మరిదే వెళ్లి తెచ్చాడు. దసరా దగ్గర పడిందని ఆ రోజు దాకా డబ్బాలు విప్పనివ్వలేదు. ఆయుధపూజ నాడు మా ఇంట్లో కత్తిపీట నుంచి మా ఆయన ఎయిర్‌పోర్టులో నడిపే ట్యాక్సీ దాకా అన్నిటికీ బొట్లు పడతాయి. ట్యాక్సీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అయ్యాక కంప్యూటర్ వంతు వచ్చింది. బిగించాక బయట డబ్బాకు ఒక బొట్టు పెడితే సరిపోయేది. అట్లయితే ఇంజినీరు గొప్పతనం ఏం తెలుస్తుంది? ఒక్కో భాగాన్నీ కవరులోంచి తీసి పెద్ద ఇత్తడి పళ్లెంలో పేర్చాడు. అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకొని దగ్గరికి వస్తే ఆపేశాడు. నన్ను కూడా గడప దగ్గరే నిలబెట్టాడు.

"జర దూరముండు వదినా. చీరల కరెంటుంటది, బోర్డు కాలిపోతది."

కోర్సులో స్టాటిక్ కరెంటు గురించి ఒక పాఠం చెప్పి ఉంటారు. అందులోంచి ఆడవాళ్లను దూరం పెట్టే ముక్క మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. మేమిద్దరం గడప దగ్గర, మా ఆయన గోడకానుకొని చూస్తుండగా, తడి పసుపులో వేలు ముంచి, కుంకుమ అద్ది, పళ్లెంలో ఉన్న ప్రతి భాగానికీ స్వయంగా బొట్టు పెట్టాడు. ఫ్యానుకు, హార్డ్ డిస్కుకు, ర్యాములనే మెమరీ ముక్కలకు, చివరికి వైర్లకు కూడా. తర్వాత కొబ్బరికాయ కొట్టి, బిగించడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి తెర వెలిగింది. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. వాడకట్టు వాళ్లు వచ్చి, చూసి, మెచ్చుకొని పోయారు.

మర్నాడే మొదలైంది. చిన్న పనులు చేస్తే బాగానే ఉండేది. పెళ్లి ఫొటోలు నాలుగైదు ఒక పేజీ మీదికి తెచ్చేసరికి తెర నీలంగా మారి, తెల్ల అక్షరాలు కక్కి, ఆగిపోయేది. మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి మామూలుగా లేచేది, ఒక్కోసారి లోపల నుంచి బీప్ బీప్‌మని కూసి లేవడం మానేసేది. లేచినప్పుడు చూస్తే రెండు ర్యాములు పెట్టిన కంప్యూటర్ ఒక్క ర్యామే ఉన్నట్టు చూపించేది. పొద్దున సగం, మధ్యాహ్నం పూర్తి, సాయంత్రం మళ్లీ సగం. ఈ సంగతి మరిదికి చూపించాను. అతను నవ్వి, సిస్టమ్ కొత్తది కదా, సెట్ కావడానికి టైం పడుతుందన్నాడు. కొత్త కోడలు అనుకున్నాడు కాబోలు.

సెట్ కాకపోయేసరికి ఫార్మాట్ కొట్టాడు. రెండు రోజులు నేను చేసిన పేజీలు పోయాయి. మళ్లీ అదే నీలం తెర. మళ్లీ ఫార్మాట్. ఈసారి ముందే పేజీలు వేరే డ్రైవులోకి మార్చుకున్నాను కాబట్టి బతికాను. తర్వాత మా ఆయన ట్యాక్సీ దిగి వచ్చి తన పరిశోధన చెప్పాడు. విమానం దిగేటప్పుడే కంప్యూటర్ ఆగుతోందట, తాను స్వయంగా గమనించాడట. మా ఇంటి మీదుగా ఎప్పుడూ ఏదో ఒక విమానం పోతూనే ఉంటుంది. ఆ లెక్కన మా ఇంట్లో పాలు విరిగినా, పప్పు మాడినా దానికి ఒక విమానం సాక్షిగా దొరుకుతుంది. ఆ మాటే అన్నాను. నీకేం తెలుసన్నట్టు చూశారు అన్నదమ్ములిద్దరూ.

మరిదికి మాత్రం ఈ మాట అమృతంలా వినపడింది. తన చేతిలో తప్పు లేదు, తప్పు ఏకంగా ఆకాశంలో ఉంది. రాడార్ సిగ్నల్ మెమరీని కొడుతుందని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. ఇనుము ఉంటే సిగ్నల్ ఆగుతుందట. ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ను బియ్యం బస్తాలు పెట్టుకునే లోపలి గదిలోకి మోశారు. కిటికీ మూసి, ఇనుప బీరువాను ఈడ్చి కంప్యూటర్‌కు అడ్డం పెట్టారు. మీదికెళ్లే విమానం నుంచి పక్కన పెట్టిన బీరువా ఎట్లా కాపాడుతుందో ఇద్దరిలో ఒక్కరికీ సందేహం రాలేదు. అత్తాపూర్‌లో పరదా వెనక కూర్చున్నదాన్ని, సొంత ఇంట్లో బీరువా వెనక కూర్చున్నాను. ఫ్యాన్ లేదు. బస్తాల్లోంచి పురుగులు కీబోర్డు మీదికి పాకేవి. అక్కడా తెర నీలంగానే మారింది.

అమావాస్య దగ్గర పడుతోంది. అప్పటికి ఆల్బమ్‌లో సగానికి పైగా పేజీలు అయ్యాయి. పడుతూ లేస్తూ, పేజీ పేజీకి సేవ్ చేసుకుంటూ తెచ్చుకున్న పని అది. ఒక మధ్యాహ్నం మరిది సీడీ పట్టుకొని బీరువా వెనక్కి వచ్చాడు. ఈసారి మొత్తం డిస్క్ ఖాళీ చేసి మొదట్నుంచి ఎక్కిస్తాడట, ఒక్క డ్రైవు కూడా మిగలకుండా. నా పేజీల సంగతేంటని అడిగాను.

"అవి పోతయ్. మళ్ల చేస్కో. ఇంట్లనే ఉంటవు గదా."

చేతిలో మౌస్ ఉంది కానీ, లేకపోతే ఏం విసిరేదాన్నో తెలియదు. సీడీ లాక్కొని బియ్యం బస్తాలో దోపాను. అతను మూతి ముడుచుకొని, ఇంత చదివి ఇంట్లో మర్యాద లేదని తల్లికి చెప్పి, ఎయిర్‌పోర్టు వైపు తిరగడానికి పోయాడు. అతను గేటు దాటగానే నేను కంప్యూటర్ ప్లగ్ పీకి, పక్క మూత ఊడదీశాను. వారంటీ పోతుందని అప్పటిదాకా నన్ను దాన్ని ముట్టనివ్వలేదు. స్టూడియోలో ఏ కంప్యూటర్ మొండికేసినా మెకానిక్ వచ్చి మొట్టమొదట చేసేది ర్యాములు రెండూ పీకి, ఒక్కొక్కటే పెట్టి చూడడం. పరదా వెనక నుంచి అది చాలాసార్లు చూశాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు. పది నిమిషాల పని.

మొదటి ర్యామ్ ఒక్కటే పెడితే కంప్యూటర్ నిక్షేపంగా లేచింది. రెండోది ఒక్కటే పెడితే కూత. స్లాట్ మార్చి పెట్టినా కూతే. తీసి వెలుతురులోకి పట్టుకొచ్చి చూశాను. అంచు పొడవునా ఉండే బంగారు రంగు పళ్ల మీద పసుపు ఎండి పొక్కు కట్టింది. దాని మీద కుంకుమ. మొదటి ర్యామ్‌కు బొట్టు పైన నల్ల చిప్పుల మీద పడింది. దీనికి మాత్రం, బంగారంలా మెరుస్తోంది కదా అని, అచ్చం స్లాట్‌లో దిగే చోటే పెట్టాడు మా ఇంజినీరు. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. దీనికోసం నా రెండు రోజుల పని చెరిపేశాడు.

అతను తిరిగొచ్చేదాకా దాన్ని ముట్టుకోకుండా పళ్లెంలో అట్లాగే ఉంచాను. ముగ్గురినీ పిలిచి చూపించాను. మరిది మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ మరుక్షణమే దారి దొరికింది.

"అమ్మ పెట్టింటది," అన్నాడు.

అత్తమ్మ ర్యామ్ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "అవు, నేనే పెట్టిన. నాకేమెరుక," అంది.

ఆ రోజు ఆమెను ఆ పళ్లెం దగ్గరికి రానివ్వలేదు. మేం నలుగురం అక్కడే ఉన్నాం, నలుగురికీ తెలుసు. అయినా మా ఆయన నిట్టూర్చి, ముసలోళ్లతో గిట్లనే పరేషాన్ అన్నాడు. మరిది తల్లికి స్టాటిక్ కరెంటు గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె తల ఊపుతూ విన్నది. ఆ అన్నదమ్ముల మీద నాకప్పుడు కలిగింది కోపం కాదు, రోత. అత్తమ్మ మీద కూడా కలిగింది. అంత తేలికగా తల వంచే మనిషిని చూస్తే జాలి రాదు నాకు.

పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరు ముక్కతో ఆ పళ్లు మెల్లగా రుద్ది, స్లాట్‌లో రాలిన పసుపును పొడి బ్రష్‌తో దులిపి, ర్యాములు రెండూ తిరిగి పెట్టాను. ఆ తర్వాత తెర ఒక్కసారి కూడా నీలంగా మారలేదు. విమానాలు మాత్రం రోజూ దిగుతూనే ఉన్నాయి. అమావాస్యలోపే ఆల్బమ్ పూర్తయింది. అత్తాపూర్ వరకు బండి మీద పోయి ఇచ్చి వస్తానని మరిది కొత్తగా కొన్న పెన్‌డ్రైవ్ తీసుకొని బయల్దేరాడు. చేసిన పాపానికి ఇంతమాత్రమైనా చేస్తున్నాడనుకున్నాను.

సార్‌కు పేజీలు నచ్చాయి. పనంతా ఇక మా ఇంటికే పంపిస్తానన్నాడు. ఈ మాట నాకు మరిది నోటి నుంచి తెలిసింది, ఒక విజిటింగ్ కార్డుతో సహా. దారిలోనే అచ్చు వేయించుకొచ్చాడు. ఆల్బమ్ డిజైనింగ్, కంప్యూటర్ రిపేర్ అని పెద్దక్షరాలు. కింద ప్రొప్రయిటర్ అని అతని పేరు, అతని నంబరు. నా పేరు ఎక్కడుందో అని వెనక్కి కూడా తిప్పి చూశాను. వెనక వినాయకుడి బొమ్మ ఉంది. మా ఆయన కార్డు చూసి మంచిగుందన్నాడు. నా మొహం చూసి కారణం కూడా చెప్పాడు.

"ఆడమనిషి నంబరేస్తే ఎవడెవడో ఫోన్ చేస్తడు. నువ్వు ఇంట్ల కూసోని పని చేస్కో, బయట వాడు చూస్కుంటడు."

అన్నం పెట్టి, గిన్నెలు సర్ది, లోపలి గదిలోకి పోయి కంప్యూటర్ మూత తీశాను. ర్యాములు రెండూ పీకి, కవరులో చుట్టి, కొంగున ముడి వేసుకున్నాను. మర్నాడు మరిది స్విచ్ నొక్కితే కంప్యూటర్ కూసింది. ఏమైందని అడిగితే చెప్పాను. ఫార్మాట్ కొట్టుకో అని కూడా చెప్పాను. మా ఆయన బతిమాలాడు, తర్వాత అరిచాడు, తర్వాత ట్యాక్సీ తీసుకొని పోయాడు. నేను కొంగు బొడ్లో దోపుకొని బట్టలు ఉతుక్కున్నాను, బియ్యం ఏరుకున్నాను. చీరలో ఉండే కరెంటుకు ఆ ర్యాములు ఏమీ కాలిపోలేదు.

స్టూడియో సార్ ఫోన్ మరిది ఇచ్చి వచ్చిన నంబరుకే వచ్చింది. బుద్వేల్ పెళ్లి ఒకటి ఉందట, ఫొటోలు పంపమంటారా అని అడుగుతున్నాడట. మరిది ఫోన్‌కు చేయి అడ్డం పెట్టుకొని పెరట్లోకి వచ్చాడు. వదినా, జర అవి ఇయ్యి, పరువు పోతది అన్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. అతను తల్లి వైపు తిరిగాడు. నువ్వన్నా చెప్పు అన్నాడు.

అత్తమ్మ మెట్టు మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"బొట్టు పెట్టింది నువ్వు. గది నా మీదేస్కున్న. గిది ఏస్కోను. పని చేసేదానికియ్యి ఆ ఫోను."

నా జీవితంలో ఆమె మాట నాకు తీయగా వినపడింది ఆ ఒక్కసారే. మరిది ఇంకా కదలకపోతే తడి చేత్తోనే ఫోన్ అందుకున్నాను. సార్‌కు నా నంబరు మళ్లీ చెప్పి, ఇకనుంచి దీనికే చేయమని, బుద్వేల్ ఫొటోలు పంపమని చెప్పాను. పరదా లేకుండా నా గొంతు వినడం ఆయనకు అలవాటు లేదు మరి.

"సరేగానీ అమ్మా, మీ మరిదిగారున్నారా? రేటు సంగతి ఆయనతో మాట్లాడతాను," అన్నాడు.

మరిది నా ఎదురుగానే, ఫోన్ కోసం చేయి చాపుకొని నిలబడి ఉన్నాడు. లేరండీ, ఆ సంగతి కూడా నాకే చెప్పండి అన్నాను.