బండికేం, బాగానే ఉంది

ఎల్డన్ హవ్రానెక్ నోటి నుంచి "బాగాలేదు" అన్న మాట నేను ఒక్కసారే విన్నాను. ఆ మాట బయటికి రావడానికి ఒక ఇల్లు కాలిపోవలసి వచ్చింది. అందుకే ఆయన సంగతి ఎత్తితే నాకు ప్రేమ ఎంత పొంగుతుందో, ఒళ్లు కూడా అంతే మండుతుంది.

మా డ్రై ప్లమ్ ఊళ్లో ఎలా ఉన్నావని అడిగితే పర్లేదు అనడమే మర్యాద. వడగళ్లకు మొక్కజొన్న మొత్తం నేలమట్టమైనవాడు కూడా కాఫీ ముందు కూర్చుని "పర్లేదులే, నేల తడిసింది కదా" అంటాడు. ఈ నెబ్రాస్కా గాలి నేర్పిందో, బొహీమియా నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు మూటలో కట్టుకొచ్చారో తెలియదు గానీ, కష్టం చెప్పుకోవడమంటే మాకు చెయ్యి చాచినంత సిగ్గు. ఆ విద్యలో ఎల్డన్‌ను మించినవాడు లేడు. ఒకసారి మొక్కజొన్న కోసే యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్లు పోతే, చొక్కా విప్పి చేతికి చుట్టుకొని, తనే ట్రక్కు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లాడు. ఎలా ఉందని నర్సు అడిగితే, "బాగానే ఉందమ్మా, మీకు పనెక్కువగా ఉంటే అలా కూర్చుంటాను" అన్నాడట.

ఆయన భార్య రొజెల్లా ఈ కథ చెప్పి పడీపడీ నవ్వుతుంది. నవ్వాక, "పెళ్లయిన కొత్తలో కూర ఎలా ఉందంటే పర్లేదన్నాడు. కుళ్లి కుళ్లి ఏడ్చాను. ఈయన నోట్లో అదే పెద్ద మెప్పని మా అత్తగారు చెప్పేదాకా తెలీలేదు" అంటుంది.

ఎల్డన్‌కు పందులున్నాయి, కొంత సోయా పొలం ఉంది. ప్రాణం మాత్రం మా అగ్నిమాపక కేంద్రంలో ఉంది. కేంద్రమంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు బళ్లు పట్టే రేకుల షెడ్డు. ఇక్కడ జీతానికి మంటలార్పేవాళ్లెవరూ లేరు. కబురు రాగానే ట్రాక్టర్ మీద ఉన్నవాడు ట్రాక్టర్ వదిలి, కొట్లో ఉన్నవాడు కొట్టు వదిలి పరుగెత్తాలి. మా దళానికి పెద్ద మైలో సెడ్లాక్ మంగలి. సగం కత్తిరించిన తలతో మనిషిని కుర్చీలోనే వదిలేసి పోయిన రోజులున్నాయి. ఆ మనిషి కూడా పర్లేదనే అన్నాడు లెండి.

మా మొదటి బండి గొట్టాలు, పంపు, కాసిని నీళ్లు మోస్తుంది. రెండోదాని పనల్లా నీళ్లు తేవడమే. పొలాల మధ్య కుళాయిలుండవు కాబట్టి రెండో బండి రాకపోతే మొదటిది చేతులెత్తేస్తుంది. ఆ రెండోది ఒకప్పుడు సైన్యంలో ఉండేది. వాళ్లు ఇక పనికిరాదని వదిలేస్తే మేము తెచ్చుకున్నాం. దాన్ని ఊరంతా నానమ్మ అంటుంది. నానమ్మ ఆలనాపాలనా మొత్తం ఎల్డన్‌దే. కారిన చోట అతుకు వేసేవాడు, దొరకని సామాను కోసం పాత ఇనుము కొట్లన్నీ తిరిగేవాడు. ఏటా సాసేజ్ విందు పెట్టి పోగుచేసే చందాలతో బూట్లు, గొట్టాలు వస్తాయి గానీ బండి రాదు. గ్రాంటు వస్తేనే కొత్త బండి, రాకపోతే నానమ్మే గతి.

నేను ధాన్యం సహకార సంఘంలో లెక్కలు రాస్తాను. రాత పని కదా అని ఆ గ్రాంటు వ్యవహారం నా నెత్తిన పెట్టారు. పల్లెటూరి స్వచ్ఛంద దళాలకు సామాను కొనిపెట్టే నిధి ఒకటి ఉంది. ఎవరికి అవసరం ఎక్కువో చూసి వాళ్లకే ఇస్తారు. చలికాలమంతా కూర్చుని నానమ్మ రోగాలన్నీ రాసి పంపాను. కళ్లారా చూసి పోవడానికి ప్రెంటిస్ అనే ఆవిడ వస్తోందని కబురొచ్చింది.

"ఎల్డన్, బండిని ఎలా ఉన్నదాన్ని అలా ఉంచు. గుడ్డ కూడా తగలనివ్వకు" అని చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఆవిడ వచ్చే రోజు షెడ్డు తలుపు తీస్తే నా కళ్లు తిరిగాయి. నానమ్మ పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. కడిగి, కొత్త ఎర్రరంగు వేసి, మైనం పట్టించి తోమాడు. ట్యాంకు అడుగున తుప్పు తిన్న చోట రేకు ముక్క అతికి, దానిమీద కూడా రంగు పూసేశాడు. పక్కన బల్ల నిండా రొజెల్లా కాల్చిన కొలాచీ బన్నులు, మధ్యలో ప్లమ్ జామ్ మెరుస్తూ.

"ఏం పనయ్యా ఇది?" అన్నాను.

"ఇంటికి మనిషొస్తోంది కదా నోలా. మాసిన బట్టతో ఎదురెళ్తామా?"

ప్రెంటిస్ మంచి మనిషే. బండి చుట్టూ ఓపిగ్గా తిరిగింది. "ఎలా నడుస్తోందండీ ఇది?" అని ఎల్డన్‌నే అడిగింది.

"బండికేం, బాగానే ఉందండీ."

"ట్యాంకు కారుతోందని రాశారు?"

"అతుకేశాన్లెండి. దాని వయసుకి పర్లేదు. కొలాచీ తీసుకోండి, ఇంకా వేడిగా ఉన్నాయి."

ఎల్డన్ కాలి మీద ఒక్క తన్ను తన్నాను. ఆయనవి ఇనుప ముక్కు బూట్లు. కుంటుకుంటూ ఇంటికెళ్లింది నేను.

మీకంటే అవసరం ఎక్కువున్న దళాలున్నాయని జవాబొచ్చింది. ఆ రోజు ఎల్డన్‌ను షెడ్డులో నిలబెట్టి కడిగేశాను. "నీ పరువు నువ్వు దాచుకున్నావు, రేపెవరి ఇల్లో కాలితే ఆ పరువు పోసి ఆర్పుతావా?" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. "అడుక్కునేవాళ్లలా ఎలా నిలబడమంటావు నోలా?" అని మాత్రం అన్నాడు. ఆ గొంతు విని నా కోపం సగం చల్లారింది. అప్పుడు చల్లారకుండా ఉంటే బాగుండేది.

మరుసటి మార్చిలో ఎండుగడ్డి మీద గాలి విరుచుకుపడిన ఒక మధ్యాహ్నం, లిబ్బీ కుబిచెక్ వాళ్ల పచ్చిక బయలు అంటుకుంది. లిబ్బీ మొగుడు పోయిన మనిషి, ఒంటరిగా గుట్ట మీద ఉంటుంది. ఆ ఇల్లు ఆమె మామగారు కట్టింది, పిల్లలందరూ ఆ ఇంట్లోనే పుట్టారు. మైలో మొదటి బండితో ముందు చేరి, ఉన్న నీళ్లతో మంటను ఇంటి గోడ దాకా రానివ్వకుండా పట్టి ఉంచాడు. నానమ్మ కోసం అందరూ దారి వైపే చూస్తున్నాం.

ఎల్డన్ గుట్ట ఎక్కుతుండగా ఆ అతుకు ఊడింది. వెనక దారి పొడవునా నీళ్లు పోతున్న సంగతి ఆ బండి మోతలో ఆయనకు తెలియనే లేదు. పైకొచ్చి గొట్టం తగిలించి తిప్పితే పంపు రెండు దగ్గులు దగ్గి గాలి మింగింది. అంతే. పక్క ఊరి దళం వచ్చేసరికి ఇంటి కప్పు కూలిపోయింది.

లిబ్బీ కోటు వేసుకొని వాకిట్లో నిలబడి ఉంది. చుక్క నీరు రాని గొట్టం చేత్తో పట్టుకొని ఎల్డన్ ఆమె ముందుకెళ్లాడు. లిబ్బీయే ఆయన భుజం తట్టింది.

"పర్లేదు ఎల్డన్. పాత ఇల్లే కదా."

చెంప పగలగొట్టి ఉంటే ఎల్డన్ తట్టుకునేవాడు. ఆ తర్వాత మనిషి సగమయ్యాడు. చర్చి వెనక గదుల్లో తలదాచుకున్న లిబ్బీకి మాంసం పంపేవాడు, చలికాలం వచ్చాక మెట్ల మీద మంచు ఎత్తిపోసేవాడు. ఆమె ప్రతిసారీ "నాకేం లోటు లేదు ఎల్డన్, నువ్వెందుకు శ్రమపడతావు" అని నవ్వేది. ఆ నవ్వు చూసి వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టేవాడు కాదని రొజెల్లా చెప్పింది. ఎవరైనా ఒక్కసారి తిడితే బాగుపడతాడేమోనని నాకు అనిపించేది. నేను తిట్టి చూశాను. నా తిట్లు పనిచేయలేదు.

మళ్లీ రాసి పంపాను. మళ్లీ ప్రెంటిస్ వచ్చింది. ఈసారి నానమ్మ మీద బురద బురదగానే ఉంది, ట్యాంకు అడుగు నోరు తెరుచుకొని ఉంది. దళమంతా గోడ వెంట నిలబడ్డాం. ఊరి ఆడవాళ్లతో పాటు లిబ్బీ కూడా వచ్చి కాఫీ పోస్తోంది.

"ఎలా నడుస్తోందండీ?" అని ప్రెంటిస్ అదే ప్రశ్న అడిగింది.

ఎల్డన్ టోపీ తీశాడు. ఈసారి కూడా కొలాచీ తినమంటాడేమోనని భయపడ్డాను.

"బాగాలేదండీ" అన్నాడు చివరికి. "పోయినసారి కూడా బాగాలేదు. ఆ రేకు నిలవదని నాకు తెలుసు, తెలిసే పైన రంగేశాను. మీ ముందు తల దించుకోలేక అబద్ధం చెప్పాను. ఆవిడ ఇల్లు కాలింది" అని లిబ్బీ వైపు చెయ్యి చూపించాడు. "నాకీ బండి ఎక్కాలంటే భయమండీ. ఇది మళ్లీ ఎవరింటికో ఖాళీగా వెళ్తుంది."

"నాకూ భయమే" అన్నాడు మైలో, నేల చూస్తూ. "మా అందరికీ భయమే మేడమ్. ఎవడూ పైకి అనడు, అంతే."

లిబ్బీ కాఫీ కూజా బల్ల మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచింది. ఎల్డన్ ఆమె వెళ్లిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత లిబ్బీ ఆయన పంపిన మాంసం తీసుకోలేదు. మెట్ల మీద ఆయన కనబడితే తలుపు తీయలేదు.

ఎండాకాలంలో గ్రాంటు వచ్చింది. కోతలు మొదలవక ముందే కొత్త నీళ్ల బండి వచ్చింది. మా దగ్గర కొత్త బండిని మొదటిసారి షెడ్డులోకి నడిపించకూడదు, ఊరంతా కలిసి చేతులతో తోయాలి. గుర్రాల కాలం నుంచీ అదే ఆచారం. పిల్లలు, ముసలివాళ్లు, పాస్టరుగారు, అందరూ బండిని వెనక్కి నెట్టడానికి ముందు భాగానికి చేతులు ఆనించి నిలబడ్డారు. ఎల్డన్ మాత్రం దూరంగా, ధాన్యం గోదాము నీడలో జేబుల్లో చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. మైలో పిలిచాడు, నేను పిలిచాను. "మీరు కానివ్వండి, నేను ఇక్కడ బాగానే ఉన్నాను" అన్నాడు.

అప్పుడు గుంపులోంచి లిబ్బీ వెళ్లింది. ఆయన ఎదురుగా నిలబడింది. ఆమె గొంతు అంత పెద్దదని ఊళ్లో ఎవరికీ తెలియదు.

"నా ఇల్లు పోయింది ఎల్డన్! నా పిల్లలు పుట్టిన ఇల్లు. పర్లేదని చెప్పాను, పర్లేదు కాదు! నీమీద నాకెంత కోపమొచ్చిందో తెలుసా? ఆ అతుకు నిలవదని తెలిసి కూడా అదే బండి తెచ్చావే! రోజూ లేచి నిన్ను తిట్టుకున్నాను. ఇంకా తిట్టుకుంటున్నాను."

ఎల్డన్ ముఖం ఏడుపుతో వంకర్లు పోయింది. "తిట్టు లిబ్బీ" అన్నాడు. "నువ్వు తిట్టాలి."

"తిడతాను. రేపూ తిడతాను, ఎల్లుండీ తిడతాను." కోటు చేతితో కళ్లు తుడుచుకొని, ఆయన మోచెయ్యి పట్టి గుంజింది. "పద. ముందు బండి తోయి."