లింగంపల్లి మీదుగా కరేబియన్‌కి

మా చిన్నవాడు జోయెల్ నా చేయి వదిలించుకుని, నీలం రంగు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ప్రమాదం ముంచుకొస్తోందని నాకు మొదట తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. వాడికి ఐదేళ్ళు. స్కూలు బస్సు మెట్టు మీద నిలబడి, వెనకాల పిల్లలు విసుక్కునేదాకా నాకు చేయి ఊపే పిల్లవాడు. ఇక్కడ కూడా నా చున్నీ పట్టుకుని వేలాడతాడనీ, ఆ ఏడుపుతో మా ఇంట్లో నడుస్తున్న కరేబియన్ తగువు నా వైపు తీరిపోతుందనీ గట్టి నమ్మకంతో వచ్చాను. తలుపు మూసుకుంది. లోపల్నుంచి వాడి నవ్వు వినిపించింది.

ఆ తలుపున్నది కరేబియన్‌లో కాదు. శంకర్‌పల్లి దాటాక, టమాటా తోటల మధ్య. అక్కడిదాకా ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

మా ఆయన కిరణ్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. వచ్చే వేసవిలో ఆఫీసు పని మీద ఫ్లోరిడా వెళ్తున్నారు. పని అయ్యాక నేనూ పిల్లలూ అక్కడ ఆయన్ని కలుసుకుని, కరేబియన్ దీవుల్లో ఒక వారం గడిపి రావాలని మా కోరిక. ఆయన ఆఫీసులో ఎవరిని అడిగినా క్రూయిజ్ ఎక్కమన్నారు. "పొద్దున లేస్తే పాటలు, ఆటలు, తిండి. రోజూ పెండ్లి లెక్కనే ఉంటదంట" అని ఈయన కళ్ళు పెద్దవి చేసుకుని వర్ణించారు. నాకు ఓడ అనగానే రెయిలింగ్ కనబడింది. దాని మీదికి ఎక్కుతున్న జోయెల్ కనబడ్డాడు. ససేమిరా అన్నాను.

ఆయన వారం రోజులు వెతికి ఒక మధ్యేమార్గం పట్టుకొచ్చారు. జమైకాలో ఒక రిసార్ట్. ఓడలో ఉండే సందడంతా ఉంటుంది, కానీ కదలదు, మునగదు. నేనూ ఊరుకోలేదు. ఇంకో దీవిలో ఒక రిసార్ట్ చూపించాను. ఇసుక, కొబ్బరిచెట్లకు కట్టిన ఊయలలు, పుస్తకం చదువుకుంటున్న ఒక ముసలాయన. మైకు లేదు.

"గిది రిసార్టా గ్రేస్, దవాఖాననా?" అన్నారాయన.

సందడి రిసార్ట్‌తో నాకున్న పేచీ ఒక్కటే. అక్కడ పిల్లల్ని కిడ్స్ క్లబ్‌లో అప్పగించాలి. ఆ తరువాత వాళ్ళ లోకం వాళ్ళది. నా పిల్లలు నేను లేకుండా ఉండలేరని నేను, ఉంటారని ఆయన. "ఇగ లొల్లి ఎందుకు, పైలట్ చేద్దాం" అన్నారు చివరికి. ఆయన ఆఫీసులో ఏ పనైనా పెద్దగా మొదలుపెట్టే ముందు చిన్నగా ఒకచోట నడిపి చూస్తారు, దాన్ని పైలట్ అంటారు. మా ఇంట్లో కొత్త మిక్సీలో మొదట కొంచెం అల్లం తిప్పి చూసేది కూడా ఈ పద్ధతిలోనే. శంకర్‌పల్లి అవతల ఓడ ఆకారంలో కట్టిన రిసార్ట్ ఒకటుందట. ఒక రాత్రి అక్కడ ఉండాలి. పిల్లలు రెండు గంటలు కిడ్స్ క్లబ్‌లో గడపాలి. ఆలోగా నేను లోపలికి వెళ్ళినా, వాళ్ళు నా కోసం బయటికి వచ్చేసినా ఊయల రిసార్ట్. లేదంటే జమైకా. తొమ్మిదేళ్ళ మా షారన్‌ని సాక్షిగా నియమించారు. అది చాలా గంభీరంగా తల ఊపింది.

శనివారం ఎనిమిదింటికి, ప్రార్థన చేసుకుని, నార్సింగి నుంచి క్యాబ్‌లో బయలుదేరాం. రిసార్ట్ వాళ్ళ బస్సు తొమ్మిదిన్నరకి లింగంపల్లి స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటుంది. సొంత కారులో నేరుగా వెళ్ళవచ్చు, కానీ ఓడ ఎక్కేవాళ్ళు రేవుకి వెళ్ళి తీరాలని కిరణ్ పట్టుదల. సెలవు రోజు కనక గచ్చిబౌలి ఇట్టే దాటేశాం. మీరు ఆఫీసులున్న రోజు వెళ్తే ఇంకో గంట ముందు లేవండి. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని మరీ బస్సెక్కండి. బస్సులో ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి దాన్నే టిఫిన్ అంటారు.

నా పక్క సీట్లో కూకట్‌పల్లి నుంచి వచ్చిన పద్మగారు కూర్చున్నారు. గోదావరి వైపు మనిషి, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. పదేళ్ళ కూతుర్ని తీసుకుని రెండోసారి వస్తున్నారట. నా ఒళ్ళో ఉన్న బ్యాగు వైపు చూశారు. జ్వరం మందు, థర్మామీటర్, దోమల క్రీము, నీళ్ళలో తేలడానికి చేతులకు తొడిగే గాలి పట్టీలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"ఎన్ని రోజులకండీ?"

"ఒక్క రాత్రికే."

"సిగ్గుపడకండి. పోయినసారి నేను కుక్కర్ తెచ్చానండి."

వెనక సీట్లోంచి మనవరాళ్ళతో వచ్చిన ఒక తాతగారు కేకేశారు. "ఏం డ్రైవరూ, సముద్రం ఎప్పుడొస్తది?"

"తెల్లాపూర్ దాటినంక వస్తది తాతా" అన్నాడు డ్రైవర్. "నడుమ అపార్ట్‌మెంట్లు కట్టేసి ఉంటే నాకు తెల్వదు మల్ల."

పదకొండు కాకముందే ఓడ కనబడింది. మూడంతస్తుల సిమెంటు ఓడ. చుట్టూ టమాటా తోటలు, దాని నీడలో పడుకున్న మేకలు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకతను మైకులో, "నేను మీ కెప్టెన్‌ను. అలలు మస్తుగున్నయ్, జర పైలంగ ఎక్కుండ్రి!" అని అరుస్తున్నాడు. కిరణ్ నిజంగానే కడ్డీ పట్టుకుని ఎక్కారు. సముద్రం వైపు గది కావాలని ముందే చెప్పారట. గుండ్రటి కిటికీలోంచి చూస్తే ఒక గేదె మమ్మల్నే చూస్తోంది.

"మమ్మీ, అది సముద్రం గేదెనా?" అన్నాడు జోయెల్.

భోజనంలో కరేబియన్ చేప అని పెట్టింది మన అపోలో ఫిష్షే. బాగుంది. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు సాయంత్రం కూడా వచ్చాయి. భోజనానికి పిలిచే ఓడ హారన్ మాత్రం గుండె ఆగేంత గట్టిగా మోగుతుంది. పసిపిల్లలున్నవాళ్ళు చెవుల్లో దూది పెట్టండి.

మూడింటికి కిడ్స్ క్లబ్, ఆ నీలం తలుపు. షారన్ ముందు, జోయెల్ వెనక. ఆ తరువాతి సంగతి మీకు తెలుసు. కిరణ్ గడియారం చూసుకుని, "మొదలైంది" అని, ఈత కొలను పక్కన పడక కుర్చీలో వాలిపోయారు.

తలుపుకి కాస్త ఇవతల వరసగా పెద్ద పెద్ద క్రోటన్ కుండీలున్నాయి. లోపలికి వెళ్ళకూడదన్నారు గానీ బయట నిలబడకూడదని ఒప్పందంలో లేదు. నాకు సరిపోయే కుండీ ఒకటి చూసుకుని దాని వెనక్కి నక్కబోతే, అక్కడ అప్పటికే పద్మగారున్నారు.

"ఇది నాదండి. మీరు పక్కది చూసుకోండి" అన్నారు నెమ్మదిగా. "ఆ చివరిది వద్దు, చీమలు."

పక్క కుండీ వెనకాల చేరాను. జోయెల్‌కి దాహం వేస్తే అడుగుతాడా, బాత్రూమ్ ఎక్కడుందో చూపించారా అని ఆలోచిస్తున్నాను. ఉన్నట్టుండి తలుపు చప్పుడైంది.

"వంగండి! వంగండి!" అని పద్మగారు నా భుజం నొక్కేశారు. "మా అమ్మాయైతే అయిపోయామండి, నెలంతా ఏడిపిస్తుంది."

ఇద్దరం ఆకుల కింద ముడుచుకున్నాం. తలుపు కాసేపు తెరుచుకునే ఉంది. తరువాత మూసుకుంది. ఎవరు తీశారో మేమిద్దరం చూడలేదు.

అంతలో మైకు మోగింది. "డెక్కు మీద అందరికీ నమస్తే! కుండీల ఎనకాల ఇద్దరు దొంగ ప్రయాణికులు దొరికిండ్రు. టికెట్ ఉన్నదో లేదో తెల్వదు. శిక్ష ఏందంటే, మ్యూజికల్ చెయిర్స్!"

కొలను చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తాతగారైతే లేచి నిలబడి కొట్టారు. పారిపోవడానికి దారి లేదు. మొదటి రౌండులో తలుపు వైపు చూస్తూ తిరిగాను. మూడో రౌండులో కుర్చీ వైపు చూస్తూ తిరిగాను. ఆ తరువాత నాకేమైందో నేను చెప్పలేను. పద్మగారిని మోచేత్తో తోసి మరీ కూర్చున్నాను. చివరి కుర్చీ తాతగారు తన్నుకుపోయారు. నేను అది తొండి అని గట్టిగా వాదిస్తుంటే, "మమ్మీ, నువ్వేనా?" అని షారన్ గొంతు వినిపించింది. పిల్లలిద్దరూ నా ముందు నిలబడి ఉన్నారు. రెండు గంటలు అయిపోయాయి. నేను ఓడిపోయాను.

పందెం గెలిచిన మా ఆయన మాత్రం ముఖాన తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నారు.

"ఏమండీ, జమైకా మీదే" అన్నాను.

"జర మెల్లగ మాట్లాడు గ్రేస్. ఆ మైకుకు తల పగులుతుంది."

ఆదివారం పదకొండింటికి తిరుగు బస్సు. చర్చిలో పొద్దుటి ఆరాధన పోయింది, సాయంత్రం దానికి తప్పకుండా వెళ్ళాలని బస్సెక్కేముందే అందరి చేతా ఒప్పించాను. కెప్టెన్ టోపీ ఊపాడు. మేకలు పట్టించుకోలేదు. జోయెల్ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. రాత్రంతా నా గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"లోపలికి వెళ్ళేటప్పుడు మమ్మీ వైపు చూడనే లేదేం నాన్నా?"

"చూశా."

"ఎప్పుడు?"

"ఆట మధ్యలో. తలుపు తీసి చూశా. నువ్వు లేవు."

బస్సు ఏదో గుంతలో పడి లేచింది. "ఏడుపొచ్చిందా?" అన్నాను.

"కొంచెం వచ్చింది. అక్క పిలిచింది. పోయింది."

కిటికీ పక్కనున్న షారన్ అటే చూస్తూ అంది. "కుండీ వెనకాల నీ చున్నీ నాకు కనబడింది మమ్మీ. వీడికి చెప్తే నీ దగ్గరికి పరిగెత్తుతాడు, జమైకా పోతుంది. అందుకే చెప్పలేదు."

ముందు సీట్లోంచి కిరణ్ వెనక్కి తిరిగారు. "సాక్షే సాక్ష్యం దాచిపెట్టింది. ఇగ పైలట్ చెల్లదు. నిజం చెప్పాలంటే నీ ఊయల గూడ మంచిగనే ఉండె. ఏం చేద్దాం? నువ్వే చెప్పు."

గెలుపు నా ఒళ్ళోకి వచ్చి పడింది. ఒళ్ళో ఉన్నవాడు మాత్రం అప్పటికే నిద్రలోకి జారి, కిడ్స్ క్లబ్‌లో నేర్చుకున్న పాటే గొణుగుతున్నాడు. రేపు చెప్తానన్నాను. లింగంపల్లిలో దిగేటప్పుడు పద్మగారు నా చెవిలో, "ఈసారి కుర్చీ తెచ్చుకుందామండి, మోకాళ్ళు పోయాయి" అని వెళ్ళిపోయారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నా అభిప్రాయం ఇది. సందడి రిసార్ట్ పిల్లలకు సరిపడుతుందా అని ఎక్కువ ఆలోచించకండి. వాళ్ళు సర్దుకుంటారు. భర్తలకు తలనొప్పి మాత్రలు సరిపోతాయి. పరీక్ష పెట్టవలసింది అమ్మలకే. ఇక్కడిదాకా నిన్న రాత్రి, పిల్లలు పడుకున్నాక, వాళ్ళ గది తలుపు కొంచెం తెరిచి పెట్టి, అది కనబడేలా కూర్చుని రాశాను.

ఈ ఉదయం పాలగ్లాసుల ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. "జమైకాకే వెళ్తున్నాం. రోజూ కిడ్స్ క్లబ్‌కి వెళ్ళండి. నేను కుండీ వెనకాల ఉండను. తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎప్పుడు తలుపు తీసినా కనబడతాను. ఆటలో పడి తియ్యడం మర్చిపోయారనుకోండి, ఏం ఫర్వాలేదు."