సుబేదారన్న రైఫిల్‌కు తూటాలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. నంద్యాలలో మా నాయన పెట్టిన తుపాకుల దుకాణాన్ని నేను నడపడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. లైసెన్సు ఉన్నవాళ్లకు తుపాకులు, తూటాలు అమ్మడం మా పని. జింకకు ఏ తూటా మంచిదని చెవిలో అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. “జింకకు తూటా లేదప్పా, జైలుంది” అని పంపించేస్తాను. పంటను నాశనం చేసే అడవిపందుల సంగతి వేరు. వాటిని కాల్చడానికి అటవీ శాఖ ఒక్కోసారి అనుమతి ఇస్తుంది.

అలాంటి అనుమతి కాగితంతో వచ్చాడు ఓబులేసన్న. సైన్యంలో సుబేదారుగా చేసి, దొర్నిపాడు దగ్గర నాలుగెకరాల్లో మొక్కజొన్న వేసుకున్నాడు. కుర్చీ వేస్తే దాని మీద సంచి పెట్టి తాను నిలబడే మాట్లాడే మనిషి. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

“శెట్టీ, నా త్రీ ఫిఫ్టీన్ రైఫిల్‌కు తూటాలు కావల్ల. సైన్యంలో వాడినట్లాటివి ఇయ్యి. పంది తోలు మందం.”

ఆయన అడిగింది ఫుల్ జాకెట్. అంటే గుండు చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది జంతువులోంచి దూసుకుపోతుంది. గాయపడిన జంతువు ఎక్కడో పొదల్లో పడి, నరకం చూసి చస్తుంది. కొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే రకాన్ని సాఫ్ట్ నోజ్ అంటారు. ఒంట్లోకి దిగగానే అది విచ్చుకుంటుంది, ప్రాణం త్వరగా పోతుంది. పందికి అదే సరైనదని చెబితే ఒప్పుకున్నాడు.

“గురి తప్పితే యాడికి పోతాదన్నా? చేను ఎనక ఏముంది?” అని అడిగాను. తప్పిన రైఫిల్ గుండు మైళ్ల దూరం పోగలదు.

ఆయన మొహం ఎర్రబడింది. “కాలవ గట్టుంది. ముప్పై ఏండ్లు రైఫిల్ పట్టినోనికి నువ్వు చెప్తాండావా?”

“చూసినాకనే ఇస్తానన్నా.”

“అయితే రా. చూసి సిగ్గుపడి ఇద్దువు.”

మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. చేనులో నాలుగో వంతు నేలకు పడిపోయి ఉంది. సగం కొరికిన కంకుల్ని ఆయన ఒక్కొక్కటే ఏరి గెనెం మీద, అంటే పొలం గట్టు మీద, పెడుతున్నాడు. అప్పుడే నా మనసు కరిగి, తూటాలు ఇచ్చేద్దామనుకున్నాను.

తర్వాత ఆయన తాను బోర్లా పడుకుని కాల్చబోయే చోటు చూపించాడు. ఆయనలాగే నేనూ బోర్లా పడుకుని అటు చూశాను. కాలవ గట్టు ఒకచోట బండి పట్టేంత మేర తెగి ఉంది. ఆ సందులోంచి సన్నగా పొగ లేస్తోంది.

“అదేందన్నా?”

ఇద్దరం నడిచి వెళ్లాం. గట్టుకు అవతల, కోత కోసిన చేనులో గొర్రెల మంద ఉంది. మూడు రాళ్ల పొయ్యి మీద ఒకామె టీ కాస్తోంది. పక్కనే గొంగడి మీద పసిబిడ్డ నిద్రపోతోంది.

“ఎన్నాళ్లాయ తల్లీ వచ్చి?” అని అడిగాడు ఓబులేసన్న.

“మూడు దినాలాయ నాయనా. ఎరువుకని మందను పిలిచినారు. టీ తాగుతారా?”

ఆయన గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు. బిడ్డనే చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చాక గెనెం మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోగా నేను చూడడం అదే మొదటిసారి.

“మొన్న ఈడ్నుంచే గురి కట్టి చూసినా శెట్టీ. నాకు పందులు తొక్కిన చేనే కనపడె. గట్టు తెగిందని కూడా చూడలేదు.”

“మంచె కట్టుకో అన్నా. పైనుంచి కిందికి కాలిస్తే, తప్పినా నేలలోకే పోతాది” అన్నాను.

వారంలో మంచె కట్టి నన్ను పిలిచాడు. ఎక్కి చూశాను. చేను గట్టులోపల ఎక్కడ కాల్చినా గుండు నల్లరేగడిలోకే దిగేలా ఉంది. దుకాణానికి రమ్మని సాఫ్ట్ నోజ్ తూటాలు ఇచ్చాను. ఒకే గుండుతో పెద్ద పందిని పడగొట్టాడు. మిగతావి ఆ పంటకాలంలో మళ్లీ రాలేదు.

“జింకలు మాత్రం రెండొచ్చినాయి. చప్పట్లు కొడితే పోయినాయి” అని నవ్వుతూ చెప్పాడు.

ఏ జంతువు, ఎంత దూరం అన్నవి తెలిస్తే తూటా ఎంచడం వచ్చినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఓబులేసన్నకు తుపాకీ విద్య నాకంటే ఎక్కువే తెలుసు. కానీ కడుపు మండిన రైతుకు తన చేను దాటి చూపు పోదు. తూటా అమ్మేవాడు ఆయన బదులు అవతలికి చూడాలి. అందుకు ఒక పూట దుకాణం మూసినా ఫర్వాలేదు.