చినగని పంచె

పరుగు పందేనికి ముందు నా కూతురు కాలికి నొప్పుల మందు పూసుకుంటుంటే, ఆ ఘాటుకు చిన్నప్పుడు చూసిన బేతంచెర్ల బండలాగుడు పోటీ గుర్తొచ్చింది.

ఏడాదంతా ఉలవలు పెట్టి మేపిన ఎద్దులను చిన్నాన్న ఆ పొద్దున చాలాసేపు నడిపించి, తొడలు రుద్ది సిద్ధం చేశాడు. తన వంతు వచ్చేలోపు, గుండెత్తి చూపించమని ఎవరో రెచ్చగొడితే, అంతదాకా చతికిలబడి ఉన్నవాడు లేచీ లేవగానే పక్కనున్న రాతి గుండు పట్టుకున్నాడు.

"ముందు నువ్వూ నాలుగడుగులు నడిచి రాప్పా," అంది అవ్వ.

"నేనేమన్నా ఎద్దునామ్మా?"

అందరూ నవ్వారు. గుండు మోకాళ్ల దాకా లేచింది. టప్పుమని చప్పుడైంది. గుండు జారిపడింది. చిన్నాన్న వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పంచె చినిగిందనుకుని నేను వెనక్కి పోయి వెతికాను.

"యాడా చినగలేదు చిన్నాన్నా."

"లోపల కండ చినిగిండాదిరా," అన్నాడు పళ్లు బిగించి. "ఎద్దుల్ని ఎవురు తోల్తారు?"

ఎవరూ ముందుకు రాలేదు. ఆ రోజు మా ఎద్దులు లాగింది బండను కాదు, ఇలాంటి ఘాటు మందే పూయించుకుని బండిలో పడుకున్న చిన్నాన్నను.

కూతురి చేతిలోంచి మందు తీసుకుని, మైదానం చుట్టూ నడిచి రమ్మన్నాను. ఎద్దులకు చేసినపాటి మర్యాదైనా దాని కాళ్లకు చేద్దామని.