రెండు కేబుళ్ల మధ్య కోదాడ కబడ్డీ

మోకాళ్లు చెప్పిన మాట వినే వయసులో మనిషి ఎవరినైనా నమ్మేస్తాడు. నేను కేబుల్ టీవీ వాళ్లను నమ్మాను. అప్పట్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కలిపి ఒక కబడ్డీ లీగ్ ఉండేది. ఆటకింత అని చేతిలో పెట్టేవాళ్లు కాబట్టి మేం ప్రొఫెషనల్ ఆటగాళ్లం (పగలంతా నేను ఎరువుల దుకాణంలో బస్తాలు మోసేవాణ్ని, అది వేరే సంగతి). కోదాడ జట్టులో నేను కార్నర్. అనంతగిరిలో ఉండే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నా పక్కనే కవర్. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడితే కూతకొచ్చినవాడు తిరిగి గీత చేరడం కల్ల. రైడర్ కాలెత్తగానే బావ నా వేళ్లు నొక్కేవాడు, మిగతాది మా భుజాలు చూసుకునేవి.

ఆ ఏడు సూర్యాపేట కేబుల్ ఆయనా, అప్పుడే కొత్తగా ఛానల్ పెట్టిన మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆయనా ప్రసార హక్కులు నావంటే నావని తగువుకు దిగారు. లీగ్ అధ్యక్షుడు ఒకరికి సంతకం చేశాడు, కార్యదర్శి ఇంకొకరికి చేశాడు. ఇంకేముంది, లీగ్ రెండైంది. అధ్యక్షుడు తెచ్చిన ఆటగాళ్లు సూర్యాపేటకు, కార్యదర్శి తెచ్చినవాళ్లు మిర్యాలగూడకు అని సంతలో గొర్రెల్లా పంచుకున్నారు. ఇటు ఆడినవాడు అటు ఆడితే వెలి. నేను సూర్యాపేట వైపు పడ్డాను, బావ మిర్యాలగూడ వైపు పడ్డాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, మమ్మల్ని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

నేనే వెళ్లి కేబుల్ ఆయన్ను అడిగాను. "అన్నా, మా బావ లేకుంటే నేను సగం మనిషినే. ఇద్దర్నీ ఒక్కకాడ ఆడనియ్యండ్రి."

ఆయన చాయ్ తాగుతూ తల కూడా ఎత్తలేదు. "ఆట నీదే తమ్మీ, టీవీ నాది. టీవీల రాకుంటే నువ్వు ఆడినట్టు ఎవనికి తెలుస్తది?"

ఫైనల్ నాడు జెర్సీ ఛాతీ మీద ఇంత పొడుగున ఒక బియ్యం బ్రాండు పేరు వేశారు. చేతులు పట్టుకుని పక్కకు వంగితే ఆ పేరు మడతపడుతోందట, అందుకని ఎవరూ చేతులు పట్టుకోవద్దని, ఛాతీ కెమెరాకు ఎదురుగా ఉంచాలని హుకుం. మరి రైడర్‌ను ఎవరు చూడాలని అడిగితే, అదీ చూడమన్నారు. ఆఖరి కూత. అలవాటు కొద్దీ పక్కకు చెయ్యి చాపాను. బావ స్థానంలో వచ్చిన కుర్రాడు బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుని, కెమెరా వైపు నవ్వుతున్నాడు. నేను గాలిని పట్టుకుని బోర్లాపడ్డాను. రైడర్ ఇద్దరినీ తాకి, తొడగొట్టి మరీ వెళ్లాడు. అదే సాయంత్రం మిర్యాలగూడలో బావ జట్టూ ఓడింది (అక్కడ ఛాతీ మీద సిమెంటు).

ఇంతాచేస్తే ఆ రోజు సూర్యాపేట కేబుల్ మనుషులు మిర్యాలగూడ వైర్లు, మిర్యాలగూడ మనుషులు సూర్యాపేట వైర్లు తెంపేశారు. ఇరుగుపొరుగును పిలిచి కూర్చోబెట్టుకున్న మా మేనత్త టీవీలో చుక్కలు తప్ప ఏమీ రాలేదు. మర్నాడు ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టింది.

"ఎవరి కోసం విడిపోయారురా? నాకైతే మీ ఇద్దరిలో ఒక్కడూ కనపడలా."

ఆ మాట నాకు ఓటమికంటే గట్టిగా తగిలింది. బావ సున్నం బకెట్ తీసుకుని కోత కోసిన మడిలో గీతలు గీశాడు. ఆదివారం రెండు లీగుల కుర్రాళ్లూ వచ్చారు, వెలి వేస్తే వేయనీ అని పెన్‌పహాడ్ నుంచి, త్రిపురారం నుంచి కూడా వచ్చారు. నేనూ బావా ఒక పక్క. త్రిపురారం పొడుగాటి రైడర్ కూతకు వచ్చాడు, నా వేళ్లు నలిగాయి, మరుక్షణం వాడు మా ఇద్దరి మధ్య గాల్లో ఉన్నాడు. మేనత్త గట్టు మీద కూర్చుని కళ్లారా చూసింది. సోమవారం రెండు లీగులూ ఆ మడిలో ఆడిన అందర్నీ తీసేశాయి. ఆటగాళ్లు లేక ఆ లీగులూ ఎక్కువ కాలం బతకలేదు.

ఆ ఇద్దరు కేబుల్ పెద్దమనుషులూ ఇప్పుడు భాగస్తులు. పెళ్లిళ్లలో కనిపిస్తే నేను వాళ్ల బంతిలో భోజనానికి కూర్చోను. మావాడికి ఈ కథ చెబితే "వీడియో ఉందా నాన్నా?" అంటాడు. లేదు. లేకపోవడం వల్లే బావ చెప్పిన ప్రతిసారీ ఆ రోజు మేం పట్టిన రైడర్లు ఇంకొందరు పెరుగుతారు. నేను పొట్ట నిమురుకుంటూ, అవునంటాను.