చిత్తయ్య అనిపించుకున్న రోజులు

ఏ.ఎస్. రావు నగర్‌లో మా బాల్కనీలోని పూలకుండీలకు పురుగు పట్టిందని, మొన్న మా కోడలు ఎర్రమట్టిలో ఇంత పసుపు, వేపాకు పొడి వేసి, మూడు రోజులు పులిసిన మజ్జిగ పోసి కలియబెడుతుంటే, పక్కనే కూర్చున్న నేను చదువుతున్న పేపరు మడిచి కింద పెట్టాను. "వాసనొస్తోందా మామయ్యా, తలుపెయ్యనా?" అందామె. వద్దన్నాను. ఆ వాసనకు ఇంత గానుగ నూనె, పదిమంది పిల్లల చెమట తోడైతే అది చిలకలగూడలో మస్తాన్ ఉస్తాద్ తాలీం వాసన అవుతుంది. కుస్తీ నేర్పే చోటును మా వైపు తాలీం అనేవారు. నాలుగు రాతి గోడలు, పైన రేకులు, మధ్యలో మోకాలి లోతు మెత్తటి ఎర్రమట్టి గొయ్యి, మూలన బావి, అంతే.

నాకు జరిగిన అవమానాలను నేను మరిచిపోను. మా ఇంట్లోవాళ్ళు దీన్నొక జబ్బు అంటారు. కానీ ఆ గుణం లేకపోతే ఈ సంగతులు ఇంత వివరంగా గుర్తుండేవి కావు, కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

పన్నెండేళ్ళ వయసులో నేను ఎంత సన్నగా ఉండేవాణ్ణంటే, గోటిబిళ్ళ ఆటలో నన్ను ఏ జట్టూ కోరుకునేది కాదు, పతంగులు ఎగరేసేటప్పుడు దారం చుట్టిన చరఖా పట్టుకోవడానికే పిలిచేవారు, మా మేనత్త వచ్చినప్పుడల్లా "వీడు గాలొస్తె కొట్టుకపోతడు, జేబుల రాళ్ళెయ్యుండ్రి" అని ఇంటిల్లిపాదినీ నవ్వించేది. మా నాయిన రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒక ఎండాకాలపు తెల్లవారుజామున, కొబ్బరికాయ, బెల్లం పట్టించి నన్ను తాలీంకు తీసుకుపోయాడు. మస్తాన్ ఉస్తాద్ దూదేకులాయన, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవారు. పగలంతా వింటితో దూదిని ఏకి పరుపులు కుట్టడం, తెల్లవారుజామున పిల్లలకు కుస్తీ నేర్పడం ఆయన పని. ఎంత కడుక్కున్నా కనుబొమ్మల్లో తెల్లటి దూది పోగులు ఉండేవి. నా జబ్బ పట్టి చూసి నాయినతో అన్నారు:

"పిల్లగాన్ని తెచ్చినవా, పిల్లగాని నీడను తెచ్చినవా?"

ఇది మొదటిది.

రెండోది, మూడు నెలలు నాతో మట్టి తవ్వించడం. రైలు కూతలు వినిపిస్తుండగా లేచి, లంగోటి కట్టుకుని, నా అంత పొడుగున్న పారతో గొయ్యి అంతా తిరగదవ్వి, గడ్డలు చిదిపి, రాళ్ళేరి, శుక్రవారం శుక్రవారం మజ్జిగ, నూనె, పసుపు పోసి కాళ్ళతో తొక్కేవాణ్ణి. ఆ తర్వాత అందరూ వరసగా నన్ను ఎత్తి పడేసేవారు. నేను పడాలి, లేవాలి, అంతే. తిరిగి పట్టడానికి వీల్లేదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. రెండు భుజాలతో సహా వీపంతా నేలకు తాకితే కుస్తీలో చిత్ అయినట్టు, అంటే ఓడినట్టు. అందుకే వీపు మీద మట్టితో ఎవరూ బజారులోకి రారు, బావి దగ్గర రుద్ది రుద్ది కడుక్కుని వస్తారు. నేను చేద పట్టుకోబోతే ఉస్తాద్ ఆపేవారు. గుప్పెడు తడిమట్టి తీసి నా వీపుకు ఇంకా దట్టంగా పట్టించి, "నువ్వు గిట్లనే పో బేటా, అంగి ఏస్కోకు" అనేవారు. పాలబండ్ల మధ్య నుంచి, నీళ్ళ కోసం వరస కట్టిన ఆడవాళ్ళ ముందు నుంచి, ఓడిన వీపుతో ఇంటికి నడిచేవాణ్ణి. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన యాదగిరి, తాలీంలో మా అందరికీ మొనగాడు, నాకు చిత్తయ్య అని పేరు పెట్టాడు. వారంలో అది గల్లీ అంతా పాకింది.

"అరే చిత్తయ్యా, ఇయ్యాల ఎన్నిమాట్ల వడ్డవ్ రా?"

మా అమ్మ అయితే రాజలింగం అన్న నా పేరు పోయినందుకన్నా ఆ మట్టికే ఎక్కువ బాధపడేది. "గా ఉస్తాద్‌కు చెప్పు, బట్టలుతికే తక్లీఫ్ ఆయన పడుతడా అని" అనేది. నేను చెప్పలేదు, కానీ లెక్కలో రాసుకున్నాను. ఎందుకంటే ఉస్తాద్ ఒక మాట ఇచ్చారు: నాగుల పంచమి నాడు నన్ను యాదగిరితో కుస్తీకి జోడు కట్టిస్తానని. ఆ ఒక్క మాట కోసం అన్నీ దిగమింగాను.

నాగుల పంచమి వచ్చింది. జొన్న పేలాలు, బెల్లం వాసనతో గల్లీ నిండింది. తాలీం తలుపు మాత్రం తెరుచుకోలేదు. అది నలభై ఎనిమిదో సంవత్సరం, ఆ రోజులు అట్లాంటివి. వీధుల్లో కవాతులు, పెద్దవాళ్ళ గుసగుసలు, ఊరు విడిచిపోయే బండ్లు. ఎవరు ఎవరిని నమ్మాలో తెలియని రోజులు. తర్వాత పోలీసు చర్య జరిగింది. తలుపులన్నీ మూసుకుని, నానబెట్టిన శనగలు తింటూ, రేడియో ఉన్న ఇంటి గోడకు చెవులానించి గడిపాము. మిలిటరీ లారీలు సికింద్రాబాదులోకి వచ్చిన రోజు జనం పూలు చల్లారు. నేనూ చల్లాను. కానీ దూదేకే వింటి చప్పుడు మా గల్లీలో మళ్ళీ వినిపించలేదు. ఉస్తాద్ ఇంట్లోంచి బయటకు రావడం లేదన్నారు. ఆయన శిష్యులు ఆ వైపు వెళ్ళడం మానేశారు, కొందరు భయంతో, కొందరు మొహమాటంతో. "జెర ఆగు బిడ్డా, ఇప్పుడొద్దు" అన్నాడు నాయిన.

నేను ఆగలేదు. అది ధైర్యమని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నాకు ఇచ్చిన మాట తప్పారన్న కోపమే నన్ను నడిపించింది. మధ్యాహ్నం పూట వెళ్ళి ఉస్తాద్ ఇంటి తలుపు కొట్టాను. లోపల మాటలు టక్కున ఆగిపోయాయి.

"ఎవరు?"

"నేను, రాజలింగాన్ని."

"ఏ రాజలింగం?"

మూడు నెలలు మట్టి తవ్వించుకున్న మనిషికి నా పేరు తెలియదు. ఆ మాట నా నోటితోనే అనక తప్పలేదు.

"చిత్తయ్యను."

గడియ తీశారు. గడ్డం పెరిగి, కనుబొమ్మల్లో దూది పోగులు లేక, ఆయన వేరే మనిషిలా ఉన్నారు. నేను సలాం కూడా చెయ్యకుండా షురూ చేశాను.

"నాగుల పంచమికి జోడు కట్టిస్తనన్నరు. కట్టియ్యలే. దినాం నా వీపుకు మట్టి పూసి నలుగుర్ల ఇజ్జత్ తీసిండ్రు. ఎందుకో చెప్పుండ్రి."

ఆయన నవ్వారు. లోపల నుంచి ఆయన భార్య తొంగి చూసింది, ఆ నవ్వు ఆమె విని చాలా రోజులైనట్టు.

"దీని కోసం వచ్చినవా? గీ దినాలల్ల?"

"అవ్."

"ఇను బేటా. వీపుకు మట్టంటుతదని పరేషానయ్యేటోడు ఎనుకకే చూస్తడు. ఎనుకకు చూసేటోడు ముంగటోన్ని ఏం పడుతడు? నీకు నేనే అంటిచ్చిన. గల్లంత చూసింది. ఇగ నీకు పోయేదేమున్నది?"

ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. మరునాడు ఇద్దరం తాలీం తెరిచాము. గొయ్యి ఎండి పెంకులా అయ్యింది. నాలుగు రోజులు తవ్వాము. అమ్మే పుల్లమజ్జిగ కుండ ఇచ్చి పంపింది. పార చప్పుడు విని ఒకరొకరుగా పిల్లలు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. బతుకమ్మ రోజుల్లో యాదగిరి కూడా వచ్చాడు.

దసరా పొద్దున ఉస్తాద్ మమ్మల్ని జోడు కట్టించారు. యాదగిరి నన్ను రెండుసార్లు కూలేశాడు. రెండుసార్లూ వీపు సగం తాకింది, సగం మిగిలింది, నేను పక్కకు దొర్లి లేచాను. అంతకు ముందైతే ఆ సగం మట్టికే సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఆ రోజు అది గుర్తుకు కూడా రాలేదు. మూడోసారి కూడా ఒక్క భుజమే ఆనింది, కానీ నా వీపు నిండా మట్టి చూసి పిల్లలు "చిత్! చిత్!" అని అరిచారు. యాదగిరి చేతులు పైకెత్తి వాళ్ళ వైపు తిరిగాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. అది నేను చూశాను, వాడు చూడలేదు. వాడి కాలు అందుకుని భుజంతో తోశాను. రెండు భుజాలూ నేలకు ఆనిన చప్పుడు, తడి పరుపును నేల మీద వేసినట్టు, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఉస్తాద్ ముందు యాదగిరిని లేపి దులిపారు. నాతో శభాష్ అనలేదు. "రేపు పొద్దుగాల జల్ది రా, తవ్వాలె" అన్నారు. అదీ నేను మరిచిపోలేదు. కానీ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కబోతే, ఎత్తి ఎదకు అదుముకుని, "రాజలింగం" అన్నారు.

ఆ తర్వాత వర్క్‌షాపులో ఉద్యోగం చేశాను, అన్యాయంగా బదిలీ చేస్తే పై అధికారుల బల్ల ముందు నిలబడి మాట్లాడాను, నవ్వినవాళ్ళ ముందు మళ్ళీ నిలబడ్డాను. నా తెలివితో సాధించింది తక్కువ. ఓడితే నలుగురూ చూస్తారన్న భయాన్ని పన్నెండో ఏటనే ఒకాయన నా వీపు మీది నుంచి తుడిచేశారు, దానితోనే ఇంత దూరం వచ్చాను. ఆయనకు ఈ మాట చెప్పాలన్న బుద్ధి నాకు ఆయన పోయాకే పుట్టింది.

ఇప్పుడు దూదేకేవాళ్ళు లేరు, ఫోము పరుపులు వచ్చాయి. పార పట్టి కుస్తీ మొదలుపెట్టే పిల్లలూ లేరు. పోయిన నెల చిలకలగూడ వెళ్ళాను. తాలీం ఉన్న చోట సిమెంటు పోసి మోటారు సైకిళ్ళు నిలుపుతున్నారు. కుర్చీలో కూర్చున్న కాపలా మనిషితో, ఇక్కడొక తాలీం ఉండేదన్నాను.

"తాలీమా? నేనొచ్చి ఇరవయ్యేండ్లాయె సార్. ఎప్పుడూ బండ్లే."

గొయ్యి ఎక్కడ, బావి ఎక్కడ, ఉస్తాద్ ఎక్కడ నిలబడేవారు, అన్నీ చేత్తో చూపించి చెప్పాను. ఎండ నెత్తికెక్కింది. నన్ను వదిలించుకోవడానికి అతనన్నాడు:

"ఉంటె ఉండొచ్చు తియ్యండి సార్."

"ఉంటె ఉండొచ్చు కాదయ్యా," అన్నాను, "ఉండె."