సొన్నప్ప మూటరాయి

నడిచేటప్పుడు సొన్నప్ప మెడ కదలదు. కింద కాళ్ళు పరుగులాంటి నడకతో సందులు దాటుతుంటాయి, చేతులు ఊగుతుంటాయి, మెడ మాత్రం నిండు కడవ మోస్తున్నట్టు నిలకడగా ఉంటుంది. తలమీద మూట లేనప్పుడూ అంతే. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. యాభైరెండేళ్ళ బరువు ఆ మెడకు నేర్పిన నడవడి అది.

పధ్నాలుగో ఏట తండ్రి చిక్కమునియప్ప వెంట బట్టల అంగళ్ళ చిక్కపేటకు మూటలు మోయడానికి వచ్చాడు. ఇప్పుడు అరవై ఆరు. రోజూ పొద్దున కె.ఆర్.పురంలో బస్సెక్కుతాడు. తోపుడుబండి కూడా దూరలేని సందులు పేటలో ఇంకా ఉన్నాయి. ఆ సందుల్లోని అంగళ్ళకు గోనె చుట్టిన బట్టల బేళ్ళు చేరాలంటే తలమీదే చేరాలి. ఏ బేలులో ఏముందో విప్పి చూడకుండానే చెబుతాడు. పట్టు బేలు తలమీద నిద్రపోతుందట. నూలు బేలు మెలకువగా ఉండి అడుగడుగునా కదులుతుందట. తాను మోసిన చీరల రంగులు అతను చూసింది తక్కువ. అవి ఏ పెళ్ళిళ్ళలో వెలిగాయో తెలియదు. వాటి బరువు మాత్రం తెలుసు.

చిక్కపేట నుంచి నగర్తపేట వైపు పోయే ఒక సందులో, గోపాలప్ప బట్టల అంగడి ముందు, మోకాలెత్తున ఒక రాతికట్టు ఉంది. రెండు పొట్టి కంబాలు, వాటిమీద అడ్డంగా ఒక పలక. చంటిపాపల ఇంటి గుమ్మంలా ఉంటుంది. పలకనిండా పసుపు కుంకుమలు గట్టిపడిపోయాయి. కంబాల మధ్య ఎవరో ఒకరు దీపం పెడుతుంటారు. దాని ముందుకు రాగానే సందులో పోయేవాళ్ళ చేతులు వాటంతటవే గుండెల దగ్గరికి వెళతాయి.

ఆ రాయి సంగతి పేటలో సొన్నప్ప ఒక్కడికే తెలుసు. తెలిసిన మిగతావాళ్ళంతా పోయారు.

అతను చిన్నవాడిగా ఉన్నప్పుడు ఆ పలక చిక్కమునియప్ప భుజాలెత్తున ఉండేది. అది గుడి కాదు, మూటరాయి. బరువు మోసేవాడు అలసిపోతే అక్కడికి వచ్చి, మోకాళ్ళు కాస్త వంచి, మూటను తలమీదినుంచి పలకమీదికి జార్చేవాడు. ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తల ఆనించి తనంతట తానే ఎత్తుకుపోయేవాడు. ఇంకో మనిషి సాయం అక్కర్లేదు. "రాయి ఎప్పుడూ అడగదురా, ఎవరి మూట అని" అనేవాడు చిక్కమునియప్ప.

తర్వాత రోడ్డు వేసిన ప్రతిసారీ సందు ఎత్తు పెరిగింది, రాయి పొట్టిదైంది. ముప్పై ఏళ్ళ కిందట, అది నడుమెత్తుకు దిగిన రోజుల్లో, మురుగు గొట్టం వేసేవాళ్ళు వచ్చి రేపు పొద్దున దీన్ని పెకలిస్తామన్నారు. మరునాడు అందరికంటే ముందు వచ్చిన సొన్నప్ప పలకకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించాడు. పనివాళ్ళు గడ్డపారలతో వచ్చారు, చూశారు, చెప్పులు విడిచారు. గొట్టాన్ని రెండడుగులు పక్కకు తిప్పి వేశారు. అది ఇప్పటికీ అక్కడ వంకరగానే పోతుంది.

రాయి దక్కింది. కానీ దేవుడిమీద మూట ఎవరు దించుతారు? ఆ రోజు మొదలు సొన్నప్ప కూడా దించలేదు. దాన్ని కాపాడినందుకు తన విశ్రాంతినే మూల్యంగా ఇచ్చి, నొప్పెడుతున్న మెడతో ముప్పై ఏళ్ళు దాని పక్కనుంచే నడిచిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. గోపాలప్ప అప్పుడప్పుడు అనేమాట అతనికి గుర్తుంది: "ఆ తల్లి ఉండాది కాబట్టి సరిపోయె సొన్నప్పా. లేకుంటే దాన్ని పీకేసి, అంగట్లోకి బండి దిగేటట్టు వాలు కట్టించేసేవాణ్ణి."

ఒక ఆదివారం పొద్దున పేట సగం నిద్రలో ఉంది. పెళ్ళిళ్ళ కాలమని గోపాలప్ప సగం షట్టరు తెరిచి, బయటి ఊరికి పంపవలసిన పట్టు బేలును సొన్నప్ప తలకెత్తాడు. నాలుగు మెట్లెక్కి సందులోకి వచ్చేసరికి ఎదురుగా నలుగురు కాలేజీ పిల్లలు, ఒకే రంగు టీషర్టులతో, పరిగెత్తుకుంటూ వచ్చి ఆగారు. పేట చరిత్రను వెతుకుతూ జట్లుజట్లుగా ఆడే పరుగుపందెం అది. ముందున్న అమ్మాయి పేరు లావణ్య. చేతిలో చీటీ.

"తాతా, ఒక్క నిమిషం! ఈ గుడి ఏ దేవుడిది?"

చీటీలో ఉన్న ప్రశ్న అదే. తలుపు లేని, విగ్రహం లేని ఈ గుడి ఎవరిదో పేటవాళ్ళను అడిగి రాయాలి. పూలమ్మే ఆమె ఎల్లమ్మ అంది. టీ అంగడాయన మునేశ్వరుడన్నాడు. ఇంకొకాయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే గణపతి అన్నాడు. పందెం ముగియడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

"ఎల్లమ్మనే రాసుకోమ్మా" అన్నాడు సొన్నప్ప, అడుగు ఆపకుండా.

"షూర్ కదా తాతా?" అన్నాడు హర్ష అనే కుర్రాడు, వెనకే నడుస్తూ. "ఎందుకంటే ఈ పందెం పెట్టిన మా పద్మావతి మేడం ఇక్కడ రాతి ఫలకం పెట్టిస్తున్నారు. ఇదే చెక్కుతారు. వందేళ్ళుంటుంది."

సొన్నప్ప ఆగాడు. మనిషంతా వెనక్కి తిరిగాడు.

"చెక్కుతారా?"

"అవును తాతా. ముందు ఆ బరువు కింద పెట్టండి, పాపం. చూస్తుంటేనే మాకు నొప్పిగా ఉంది."

"కింద పెడితే పైకెత్తేదానికి ఇంకొకడు కావల్ల కొడుకా. మూట మోసేవాడు ఎప్పుడూ నేలమీద దించడు. అందుకే గదా ఈ..." అని ఆగిపోయాడు.

పిల్లలు ఎదురుచూశారు. సందులో ఎక్కడో షట్టరు లేచింది. సొన్నప్ప కళ్ళు రాయిమీదున్నాయి. నిజం చెబితే అది దేవుడు కాకుండా పోతుంది. దేవుడు కాకపోతే రేపే గోపాలప్ప గడ్డపార వస్తుంది. చెప్పకపోతే చిక్కమునియప్ప భుజం ఆనిన రాతిమీద ఇంకెవరి పేరో వందేళ్ళు నిలుస్తుంది.

"కుంకుమతో ఆడిన అబద్ధం వానకి కడిగేస్తే పోతాదమ్మా" అన్నాడు చివరికి. "రాతిమీద చెక్కితే పోదు. ఇది గుడి కాదు. దాన్ని గుడి చేసింది నేను."

మోస్తున్న బేలు కిందనుంచే కథంతా చెప్పాడు. హర్ష మోకాలెత్తు రాయివంక అనుమానంగా చూశాడు. "ఇంత పొట్టి రాయిమీద తలమీది మూట ఎట్లా దించుతారు తాతా?"

సొన్నప్ప వెనక్కి నడిచాడు. తిరిగి గోపాలప్ప అంగడి మెట్లు దిగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రోడ్డు పెరిగాక వాకిలి ముందు మిగిలిపోయిన చిన్న గుంట అది. అతని చిన్ననాటి సందు నేల ఇంకా అక్కడే ఉంది. రాయి ఆ గుంట అంచునే ఉంది. సొన్నప్ప అడుగున నిలబడి దానివైపు తిరిగాడు. మోకాలెత్తు పలక ఇప్పుడు సరిగ్గా అతని భుజాలెత్తున ఉంది. మోకాళ్ళు కాస్త వంచాడు. బేలు తలమీదినుంచి, చెయ్యి తగలకుండా, నిద్రపోయిన బిడ్డను పక్కమీదికి మార్చినంత మెత్తగా పలకమీదికి జారింది.

లావణ్య చీటీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడు బయటికి వచ్చాడు గోపాలప్ప. అంగడి లోపలినుంచి అంతా విన్నాడు. "ఏమి సొన్నప్పా, అంటే దేవుడు కాదా? శుక్రవారం శుక్రవారం టెంకాయ కొడతాండాను గదప్పా నేను!"

"ఆ టెంకాయలు మేమే తింటిమి సావుకారూ. బాగుండె."

"వరాలు అడిగినాను గదయ్యా దాన్ని! అంగడి నడవల్లని!"

"నడుస్తాండాది గదా. మీ నాయన కాలంలో బేళ్ళన్నీ దీనిమీద దిగే లోపలికి వచ్చె. మీరు అడక్కముందే ఇచ్చింది."

గోపాలప్ప రాయిని, తన వాకిలిని, రోడ్డును ఒకసారి కొలుస్తున్నట్టు చూశాడు. ఆ చూపు సొన్నప్ప కంటపడింది. బేలుకింద తల ఆనించి ఎత్తుకున్నాడు. గోనెకు కుంకుమ అంటింది. ఎవరివైపూ చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పిల్లలు 'మూటరాయి' అని రాశారు. పద్మావతి మేడం దగ్గరున్న జవాబు కాగితంలో ఎల్లమ్మ అని ఉంది. సున్నా వేశారు. కప్పు ఇంకో జట్టుకు పోయింది. లావణ్య వాదించలేదు. "మార్కులు వద్దు మేడం, ఒక్కసారి వచ్చి ఆ నాలుగు మెట్లు దిగండి" అంది. ఆవిడ వచ్చారు, దిగారు. పలకకు తన తల ఆనించి చాలాసేపు నిలబడ్డారు. పైకి వచ్చాక తన కాగితంలోని జవాబును కొట్టేశారు.

సోమవారం సొన్నప్పకు బస్సు ఎప్పటికంటే నెమ్మదిగా వెళుతున్నట్టనిపించింది. సందు మొదట్లో చీపురు, నీళ్ళ చప్పుడు వినిపించింది. అడుగులు బరువయ్యాయి. తలమీద ఏమీ లేదు, అయినా.

గోపాలప్ప పంచె ఎగగట్టి, బకెట్టు పక్కన పెట్టుకుని, కొబ్బరిపీచుతో పలకను తోముతున్నాడు. ముప్పై ఏళ్ళ కుంకుమ ఎర్రగా కరిగి వంకర గొట్టం మీదుగా పారుతోంది.

"తీసేస్తాండారా సావుకారూ?" అన్నాడు సొన్నప్ప.

"కుంకుమ తీసేస్తాండాను" అన్నాడు గోపాలప్ప, తలెత్తకుండా. "నిన్న నీ బేలుకి అంటుకునె. పట్టు కొన్న ఆ ఊరి పార్టీ ఫోన్‌లో నన్ను తిట్టిపోసినాడు. ఇంక దినామూ దించేటప్పుడు ఇట్లా మరకలైతే నా యాపారం ఏం కావల్ల? నిలబడి చూసేదేమి, ఇంకో బకెట్టు నీళ్ళు తే పో."

సొన్నప్ప తెచ్చాడు. ఎరుపంతా పోయాక పలక నడిమధ్యన నున్నటి పల్లం బయటపడింది. తరాల మూటలు ఒరుసుకుని పడిన పల్లం. దాన్ని అరచేత్తో ఒకసారి తడిమాడు.

ఆ రోజు మొదటి బేలు నూలుది. అంగట్లోంచి ఎత్తుకుని, గుంటలో నిలబడి, పలకమీద దించాడు. ఊపిరి పీల్చుకుంటుండగా సందులోంచి ఎవరో పిలిచారు.

సొన్నప్ప తల తిప్పి చూశాడు.